మంత్రాలున్న లోకంలో డిటెక్టివ్‌కి పనేంటి?

దేవరకొండ చదువరి:
చిన్నప్పటి నుంచి నాకు డిటెక్టివ్ నవలలంటే పిచ్చి. ఈ మధ్య మాంత్రికులు, వింత జంతువులు ఉండే ఊహాలోకాల్లో జరిగే హత్య కథలు పట్టుకున్నాను, రాత్రి రెండు దాకా వదలబుద్ధి కావడం లేదు. మా తమ్ముడేమో "మంత్రం వేస్తే హంతకుడెవరో తెలిసిపోతుంది కదా, ఇంక సస్పెన్స్ ఏముంది" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. మీకూ ఇవి నచ్చితే ఎందుకో చెప్పండి.

మిర్యాలగూడ మేష్టారు:
మీ తమ్ముడి అనుమానం పాతదే. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాస్తే అందులో రెండోదే అతీంద్రియ శక్తులు కూడదని. న్యాయమే, ఆఖరి పేజీలో దెయ్యాన్ని తెచ్చి చేతులు దులుపుకుంటే చదివినవాడు మోసపోయినట్టే కదా. కానీ మంత్రం ఎంతవరకు పనిచేస్తుందో ముందే చెప్పేస్తే? అమెరికన్ రచయిత రాండల్ గారెట్ 1964లో మొదలుపెట్టిన లార్డ్ డార్సీ అనే డిటెక్టివ్ కథల్లో మంత్రవిద్య మన ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటిది. తూటా ఏ తుపాకీదో మాంత్రికుడు తేలుస్తాడు, అంతే. ఎవరు పేల్చారో, ఎందుకో ఆలోచించాల్సింది డార్సీయే, అతనికి ఒక్క మంత్రం కూడా రాదు.

పానగల్లు అమ్మాయి:
సార్ చెప్పింది నాకు మా ఊరి ఛాయా సోమేశ్వరాలయంలో అర్థమైంది. లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు నేను ఒక్కో స్తంభం దగ్గరికి పోయి ఇది ఏ స్తంభం నీడా అని వెతికేదాన్ని, దొరికేది కాదు. ఒక్క స్తంభానిది కాదని తర్వాత తెలిసింది. స్తంభాల సందుల్లోంచి పక్కలకు వెలుతురు పడుతుంది, అది అందని చోటు నీడలా మిగులుతుంది. అది తెలిశాక ఆ గుడి నాకు ఇంకా ఎక్కువ నచ్చింది అన్నా! మంచి ఫాంటసీ మిస్టరీ కూడా అంతే, గుట్టు విప్పాక కూడా ఆ లోకం మీద ఆశ్చర్యం పోదు.

పాలమూరు అక్క:
నాకైతే నియమాల కంటే తిరుగుడు ముఖ్యం. యుద్ధాల ఫాంటసీలో వీరుడికి రాజు, కోట, కత్తి తప్ప ఏం కనపడవు. డిటెక్టివ్ అయితే వంటమనిషిని అడగాలి, కాపలావాణ్ణి అడగాలి, రక్తం మరక ఉతికినామెను అడగాలి. అట్లా ఆ లోకంలో మామూలు మనుషులు ఏం తింటారో, ఎవరికి భయపడతారో తెలుస్తుంది. బాలనాగమ్మ కథలో కూడా ఫకీరు ప్రాణం చిలుకలో ఉందన్న సంగతి బయటపడేదాకానే కదా మనకు టెన్షన్! కానీ ఒకటి, ఎక్కడా చెప్పని మంత్రాన్ని చివర్లో జేబులోంచి తీసే రచయితను మాత్రం నేను క్షమించను, అట్లాంటిది పోయిన నెల ఒకటి చదివి రెండు రోజులు మనసు పాడైంది.

దేవరకొండ చదువరి:
అక్కా, ఉతికినామెను అడగడం అన్నారు చూడండి, అదే. నేను చదువుతున్న దాంట్లో గుర్రాలశాల పిల్లాడు చెప్పిన చిన్న మాట దగ్గరే ఆగి ఉన్నాను, హంతకుడు ఇంకా దొరకలేదు. చెల్లీ, ఆదివారం తమ్ముణ్ణి తీసుకుని పానగల్లు వస్తాం. నీడ బాగా కనపడాలంటే ఎన్నింటికి రావాలి?