అపోలో 13: బతుకుతారని తెలిసీ ఎందుకండీ అంత కంగారు?

పాలకొల్లు కుర్రాడు:
రాత్రి నాన్నగారితో కూర్చుని అపోలో 13 చూశానండి, టామ్ హాంక్స్‌ది, 1995లో వచ్చింది, చంద్రుడి మీదికి వెళ్తుంటే దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలిన నౌక కథ. ముగ్గురూ క్షేమంగా దిగుతారని తెలుసు, 1970 ఏప్రిల్లో నిజంగా జరిగిందే కదా, అయినా చివర్లో నౌక భూమికి దిగేటప్పుడు కిందోళ్ళు ఎంత పిలిచినా జవాబు రాకపోయేసరికి నాన్నగారు కుర్చీలోంచి లేచి నుంచున్నారు. నా డౌటేంటంటే, అట్టముక్కలు, ప్లాస్టిక్ సంచులు, టేపు పెట్టి గాలి శుభ్రం చేసే డబ్బా కట్టడం నిజమేనా, సినిమా కోసం కలిపారా?

అమలాపురం సైన్స్ మాస్టారు:
నిజమే బాబూ. పేలాక ముగ్గురూ చంద్రుడి మీద దిగే చిన్న నౌకలోకి మారారు, అది ఇద్దరికి రెండు రోజుల లోపు సరిపోయేలా చేసింది, వీళ్ళేమో మూడున్నర రోజులున్నారు. కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే డబ్బాలు పెద్ద నౌకలో ఉన్నాయి గానీ అవి నలుచదరం, చిన్న నౌకలోవి గుండ్రం, అందుకే అమరవు. హ్యూస్టన్‌లో, అంటే కింద నాసా కంట్రోల్ సెంటర్లో, ముందు తయారుచేసి చూసి, ఎలా కట్టాలో రేడియోలో చెప్పారు. ఆ సిగ్నల్ రాకపోవడం కూడా నిజమే, అనుకున్నదానికంటే నిమిషం పైనే ఆలస్యమైంది. లోపల ముగ్గురూ గొడవపడటం మాత్రం సినిమావాళ్ళు కలిపింది.

భీమవరం చెరువులు:
ఆయ్, నాకైతే కరెంటు ఆపేసే సీన్ల దగ్గరే ఊపిరాడలేదు. తెల్లారగట్ల కరెంటు పోయి చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్య పైకి తేలుద్ది, జనరేటర్ అందుకోక గట్టుమీద నిలబడ్డ రాత్రులున్నాయి నాకు. వాళ్ళు బ్యాటరీ మిగల్చడానికి దాదాపు అన్నీ ఆపేసుకుని 3 డిగ్రీల చలిలో రోజుకి గ్లాసుడు నీళ్ళయినా లేకుండా ఉన్నారు. పేలుడు కారణం సినిమాలో చివర్న ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ అసలు కథ అక్కడే ఉందండి. ఆక్సిజన్ ట్యాంకులో హీటర్ స్విచ్చి 28 వోల్టులకి చేసింది, లాంచింగ్‌కి ముందు టెస్టులో 65 వోల్టులిచ్చారు, కాంటాక్టులు అతుక్కుపోయి హీటర్ ఆగక లోపల వైర్ల తొడుగు కాలిపోయింది, పైకెళ్ళాక ట్యాంకులో ఫ్యాన్ వేసేసరికి నిప్పురవ్వ. అది చదివిన రోజునే మా షెడ్డులో స్టార్టర్లన్నీ విప్పించి చూపించా.

పాలకొల్లు కుర్రాడు:
నాన్నగారికి చదివి వినిపించానండి. ఆ టెస్టు చేసినాయన తర్వాత ఎంత కుమిలిపోయుంటాడో అన్నారు.

అమలాపురం సైన్స్ మాస్టారు:
ఆయనది తప్పని అనలేం బాబూ. 65 వోల్టులకి మార్చమని 1965లోనే చెప్పారు, ఆ స్విచ్చి ఒక్కటే పాతది ఉండిపోయింది. పైగా ఆయన ముందున్న మీటరు కొంత వేడి వరకే చూపిస్తుంది, లోపల అంతకంటే ఎంత పెరిగినా ముల్లు అక్కడే ఉంటుంది.