పత్తి ఆకులు చేతివేళ్లలా చీలిపోతున్నాయి, ఇది వైరసేనా?

పరకాల పత్తి రైతు:
అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గర నల్లరేగడి. చేనుకు గూడ, అంటే పూమొగ్గ, పడుతోంది. ఇప్పుడు కొస ఆకులు సన్నగా, బెండాకులా కోసుకుపోయి, ఈనెలు పక్కపక్కనే గీతలు గీసినట్టు వస్తున్నాయి. కింది ఆకులు బాగానే ఉన్నాయి. మందుల దుకాణంలో ఆకుముడత వైరస్ అన్నారు, తెల్లదోమకు రెండు మందులు రాసిచ్చారు. కొట్టాలా? గట్టు అవతల మొక్కజొన్న ఉంది. అటువైపు సాళ్లలో ఎక్కువగా ఉంది, లోపలికి వచ్చేకొద్దీ తగ్గుతోంది.

బోటనీ మాస్టారు, హనుమకొండ:
ఆ మందులు కొనకండి. గట్టు సంగతి రాసి మంచి పని చేశారు, జవాబు అందులోనే ఉంది. మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకు 2,4-డి అనే కలుపు మందు కొట్టారేమో, అదే గట్టు దాటి ఇటు వచ్చిందేమో, పక్క చేనువారిని అడగండి. పత్తి ఆకుముడత వైరస్ బెడద ఎక్కువగా పంజాబ్, హర్యానా, రాజస్థాన్ వైపు. అందులో ఈనెలు లావెక్కి ఆకు దొప్పలా ముడుచుకుంటుంది, వేళ్లలా చీలదు.

ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, కాస్త వివరంగా రాయనివ్వండి. మొక్క కొసలో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతుంది. వెలుతురు ఒక పక్క నుంచే వస్తే అది నీడ వైపు ఎక్కువగా చేరుతుంది, అక్కడి కణాలు సాగుతాయి, మొలక వెలుతురు వైపు వంగుతుంది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొసలకు వెలుతురు సోకకుండా తొడుగులు పెడితే అవి వంగలేదు. ఆ సంగతి 1880లో అచ్చువేశారు. గాలివానకు ఒరిగిన పత్తి కొస మళ్లీ పైకి లేవడం మీరు చూసే ఉంటారు. అక్కడ ఆక్సిన్ కింది వైపు చేరుతుంది.

2,4-డి ఆ ఆక్సిన్‌కు మనిషి చేసిన నకిలీ. తన సొంత ఆక్సిన్ ఎక్కువైతే మొక్క విరిచేసి అదుపులో పెట్టుకుంటుంది. ఈ నకిలీని పత్తి అంత త్వరగా వదిలించుకోలేదు, మొక్కజొన్న మాత్రం చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. ముదిరిన ఆకుల పెరుగుదల అప్పటికే పూర్తయింది కాబట్టి వాటి ఆకారం మారదు. లేతవే చెడతాయి.

జమ్మికుంట నుంచి ఒక అక్క:
మాస్టారూ, గూడ రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్ కూడా ఆక్సినే కదా? ఈ చేనుకు కొట్టవచ్చా?

బోటనీ మాస్టారు, హనుమకొండ:
అవునమ్మా, అదీ ఆ కుటుంబానిదే. 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు, అంటే కలిపిన నీటిలో అసలు ఆక్సిన్ పది లక్షల భాగాల్లో పది భాగాలే. అంత పలచగా ఉంటే కాడ దగ్గర తెగే పొర ఏర్పడకుండా ఆపుతుంది. కానీ ఈ చేనులో ఆక్సిన్ పని ఇప్పటికే గాడి తప్పింది, నేనైతే కొట్టించను.

పురుగు మందు వద్దనడానికి ఇంకో కారణం. గొంగళి పురుగు కొరికితే పత్తిలో జాస్మోనిక్ ఆమ్లం అనే రక్షణ హార్మోను పెరుగుతుంది, ఆకుల నుంచి వాసనలు వెలువడతాయి. ఆ వాసన పట్టుకుని పురుగులో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వస్తాయి. తెల్లదోమ లేని చేనులో మందు కొడితే ముందు చచ్చేది అవే. పత్తి పిలిచి తెచ్చుకున్న సాయాన్ని మనమే చంపుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పరకాల పత్తి రైతు:
అడిగాను మాస్టారూ, కలుపు మందు కొట్టారట. పత్తి పీకేయాలా?

బోటనీ మాస్టారు, హనుమకొండ:
పీకకండి. విరుగుడు లేదు కానీ, తేలికగా తగిలిన మొక్కల్లో కొత్త ఆకులు క్రమంగా మామూలుగా వస్తాయి. నేలలో పదును ఆరనివ్వకండి. పక్కవారు వాడింది 2,4-డిలో ఈథైల్ ఎస్టర్ రకం అయితే ఎండకు ఆవిరై గట్టు దాటుతుంది. వచ్చేసారి అంతగా ఆవిరి కాని అమైన్ సాల్ట్ రకం అయినా వాడమని, అదీ గాలి లేనప్పుడు కొట్టమని చెప్పండి. వాళ్లు కలుపు మందు కొట్టిన పంపును మాత్రం మీ పత్తికి అరువు తెచ్చుకోవద్దు.