టర్ఫ్ కోర్టును కడగాలా, దువ్వితే చాలా?

రాత్రి_స్లాట్
మా క్లబ్బులో రెండు టర్ఫ్ కోర్టులున్నాయి, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచినవి. ఒకటి ఇసుక నింపిన టెన్నిస్ కోర్టు, రెండోది నల్ల రబ్బరు గుళికలు పోసిన చిన్న ఫుట్‌బాల్ కోర్టు. ఈమధ్య ఒక కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ జారిపడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి చీము పట్టింది. దాంతో కమిటీ రెండుగా చీలింది. వారానికోసారి ప్రెజర్ వాషర్‌తో కడిగి బ్లీచింగ్ నీళ్లు కొట్టాల్సిందేనని ఒక వర్గం. నీళ్ల జోలికి పోవద్దు, బ్రష్ లాగితే చాలని ఇంకో వర్గం. నేను కడగడం వైపే ఉన్నాను, ముందే చెప్పేస్తున్నా. కోర్టులు చూసుకున్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇసుక_లెక్క
కోర్టులు చూసుకోవడమే నా పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

టర్ఫ్‌లో పచ్చగా కనిపించే పోచలది సగం పనే. వాటిని నిలబెట్టేది మధ్యలో పోసిన ఇసుక, రబ్బరు. ప్రెజర్ వాషర్ నాజిల్ దగ్గరగా పెట్టి కొట్టేటప్పుడు ఒకసారి వంగి చూడండి. ధార తగిలిన చోట ఇసుక లేచిపోయి పోచల మొదళ్లు బయటపడతాయి, లేచిన ఇసుకంతా కాస్త అవతల మేట వేస్తుంది. ఆసరా పోయిన పోచలు కొన్ని ఆటలకే పక్కకు పడుకుంటాయి, తర్వాత వంగిన చోటే చిట్లుతాయి. మేట వేసిన చోట బంతి ఒకలా లేస్తుంది, పక్కన ఇంకోలా. అతుకుల మీద పదేపదే కొడితే జిగురు కూడా ఊడుతుంది.

కడిగితే మురికి పోతుందనుకుంటాం, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆకులు, వెంట్రుకలు, బూట్ల మట్టి పైన ఉన్నంతసేపే మన చేతికి అందుతాయి. నీళ్లు పోయగానే సన్నటి మన్ను ఇసుక సందుల్లోంచి దిగి అడుగున నీరు ఇంకే చిల్లుల దగ్గర పేరుకుంటుంది. అలా కొన్నాళ్లు సాగితే ఇసుక గట్టిపడిపోతుంది, వాన నీళ్లు పైనే నిలుస్తాయి. ఆ దశలో మెషీన్ పెట్టి పాత ఇసుక పీకించి కొత్తది పోయించడమే మార్గం. శుభ్రం చేస్తున్నామనుకుంటూ కోర్టుకు మనమే అడుగు మూసేస్తున్నామన్నమాట.

నా దృష్టిలో శుభ్రం అంటే ముందు చెత్త ఏరడం, తర్వాత పొడిగా ఉన్నప్పుడు బ్రష్ లాగడం. పోచలు ఏ వైపు వాలాయో చూసి దానికి ఎదురు లాగాలి, ఆ తర్వాత అడ్డంగా ఒక వరస. కుచ్చు నైలాన్‌దో ప్లాస్టిక్‌దో అయి ఉండాలి, ఇనుప తీగల బ్రష్‌ను కోర్టులోకి అడుగు పెట్టనివ్వకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు, వేడికి పోచ మెత్తబడి ఉంటుంది.

గోలీ
ఇసుక_లెక్క గారూ, కోర్టు ఆరోగ్యం గురించి బాగానే చెప్పారు. దాని మీద పడేవాళ్ల మాటేమిటి? నేను గోల్‌కీపర్‌ని. మోచేతులు, తుంటి ఎప్పుడూ గీరుకుపోయే ఉంటాయి. అదే చోట చెమట, ఉమ్మి, అప్పుడప్పుడు రక్తం. బ్రష్ లాగితే సూక్ష్మజీవులు చస్తాయా? 2003లో అమెరికాలో సెయింట్ లూయిస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో 58 మంది ఆటగాళ్లుంటే ఐదుగురికి ఎంఆర్‌ఎస్‌ఏ పుండ్లు లేచాయి, అంటే మామూలు యాంటీబయోటిక్‌లకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా. పుండ్లన్నీ టర్ఫ్‌కు రాసుకుని చర్మం లేచిన చోటే. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

తువ్వాలు_నాదే
గోలీ గారు సగం దగ్గర ఆపేశారు. ఆ రామ్స్ కేసు మీద 2005లో వచ్చిన పరిశోధన పత్రంలోనే మిగతా సగం కూడా ఉంది. జట్టు పరిసరాల్లో తీసిన నమూనాల్లో ఎంఆర్‌ఎస్‌ఏ దొరకలేదు. మందుకు లొంగే మామూలు స్టాఫ్ మాత్రం వర్ల్‌పూల్ (ఆటగాళ్లు దిగి సేదతీరే నీళ్ల తొట్టి) నీళ్లలో, టేపు వేసే ముందు పూసే జెల్‌లో, ఆటగాళ్ల ముక్కుల్లో దొరికింది. ఒకే తువ్వాలు నలుగురు వాడటం, స్నానం చేయకుండానే అందరూ తొట్టిలో దిగడం లాంటి అలవాట్లు కూడా బయటపడ్డాయి. అంటే టర్ఫ్ చర్మాన్ని తెరిచింది, క్రిమి వచ్చింది మనుషుల దగ్గర్నుంచి. పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2006లో ఇన్‌ఫిల్ (పోచల మధ్య నింపే ఇసుక, రబ్బరు) ఉన్న టర్ఫ్ మైదానాల్లో ప్రత్యేకంగా ఈ స్టాఫ్ కోసమే వెతికారు. మైదానాల్లో దొరకలేదు, తువ్వాళ్ల లాంటి వాడుక వస్తువుల మీద దొరికింది.

రాత్రి_స్లాట్ గారూ, ఆ కుర్రాడు దెబ్బ తగిలాక ఏం చేశాడో కనుక్కున్నారా? వెంటనే సబ్బుతో కడిగి కట్టు కట్టుకున్నాడా, ఆట ముగిసేదాకా అలాగే ఆడాడా?

గోలీ
దొరకలేదంటే లేదని కాదు కదా. గోల్ ముందు రక్తపు మరక కనిపిస్తే కూడా దువ్వి ఊరుకోమంటారా?

తువ్వాలు_నాదే
అలా ఎవరన్నారు? రక్తం, వాంతి పడితే ఆ చోటును వదిలేయకూడదు. ఆట ఆపి, గ్లవ్స్ వేసుకుని, పీల్చే కాగితంతో అద్దాలి. రుద్దితే లోపలికి దిగుతుంది. చన్నీళ్లతో తుడిచి, ఆ తర్వాత ఆ కాస్త చోటుకే క్రిమిసంహారకం పట్టించి, డబ్బా మీద ఎంతసేపు ఉంచమన్నారో అంతసేపు ఉంచాలి. అందరూ ఎగ్గొట్టేది ఆ చివరి ముక్కే. కొట్టిన మరుక్షణం తుడిచేస్తే మందు కొట్టినట్టే కాదు.

కెమిస్ట్రీ_పీరియడ్
బ్లీచింగ్ మాట వచ్చింది కాబట్టి దూరుతున్నా. కోర్టంతా బ్లీచ్ కొట్టడం దండగ. దుమ్ము, ఆకుల పొడి, చెమట కలిసిన చోట బ్లీచ్‌లోని క్లోరిన్ ముందు ఆ మురికితో పోరాడి అయిపోతుంది, క్రిముల దాకా మిగిలేది తక్కువ. పదేపదే వాడితే రంగు వెలుస్తుంది, అడుగు పూత కూడా బలహీనపడవచ్చు. తయారీదారు వద్దన్న రసాయనం కొట్టాక వారంటీ గురించి మాట్లాడే నోరు మనకుండదు.

దీనికంటే నన్ను భయపెట్టేది వేరే. ఆ మందు కొట్టేది మనం కాదు, కోర్టు చూసుకునే పిల్లలు. వాళ్ల గదిలో బ్లీచ్ పక్కనే టాయిలెట్ కడిగే యాసిడ్ ఉంటుంది, గాజు తుడిచే అమ్మోనియా ద్రావణం ఉంటుంది. బ్లీచ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియా కలిస్తే క్లోరమైన్లు. రెండూ ఊపిరితిత్తుల్ని కాల్చేవే. వెనిగర్ కూడా యాసిడే, సహజమైనది కదా అని కలపకండి. కప్పున్న ఇండోర్ కోర్టులో అయితే తప్పించుకోవడానికి గాలి కూడా ఉండదు. బ్లీచ్ డబ్బాను వేరే అరలో పెట్టించండి, కమిటీ తీర్మానాల్లో మొదటిది ఇదే కావాలి.

చెట్టుకింద_కోర్టు
దువ్వితే చాలు అనేవాళ్లంతా ఎండ తగిలే కోర్టులున్నవాళ్లే అని నా అనుమానం. మా కోర్టు సగం నీడలో ఉంటుంది. ఆ సగంలో నాచు. వాన పడితే బేస్‌లైన్ దగ్గర అడుగు వేయడం నూనె మీద వేసినట్టే. చెక్కుకుపోయిన మోకాలి గురించి ఇంత చర్చ చేస్తున్నారు, జారి తుంటి విరిగితే ఏమంటారు? నాచు బ్రష్‌కు లొంగదు, ఇసుక పైపొరతో కలిసి నల్లటి పెచ్చు కడుతుంది. మేం మందు వాడతాం, అవసరమైతే నీళ్లూ వాడతాం.

ఇసుక_లెక్క
నాచు విషయంలో మీ మాటే నిజం, అక్కడ మందు కావాలి. కానీ వరస ముఖ్యం. పొడి రోజు చూసి పెచ్చును బ్రష్‌తో రేపాలి. టర్ఫ్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న నాచు మందు కొట్టాలి, ఎక్కువగా బెంజాల్కోనియం క్లోరైడ్ రకాలుంటాయి. వాన లేని రోజుల్లో కొట్టి, అది పనిచేసేదాకా వదిలేసి, చచ్చిన నాచును దువ్వి ఎత్తాలి. నీళ్లు తప్పనిసరైతే విసనకర్రలా విచ్చుకునే వెడల్పు నాజిల్, తక్కువ ఒత్తిడి, ఏటవాలుగా, దూరంగా. నిటారుగా మాత్రం కొట్టొద్దు. పోయిన ఇసుకను ఆ రోజే తిరిగి పోసి దువ్వాలి. ఈ మందు చేపలకు విషం, కాబట్టి పారే నీళ్లు చెరువుకో కాలువకో చేరకుండా చూసుకోవాలి.

ఇవన్నీ చేసే బదులు ఆ కొమ్మలు కొట్టించవచ్చు కదండీ.

చెట్టుకింద_కోర్టు
కొమ్మల గురించి మా కమిటీలో వేరే యుద్ధం నడుస్తోంది, అది అడక్కండి.

మాస్కు_ఏదీ
పొడిగా దువ్వమంటున్న ఇసుక_లెక్క గారికి ఒక ప్రశ్న. ఆ ఇసుక సిలికా. పొడిగా ఉన్నప్పుడు లేచే సన్నటి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, క్యాన్సర్ కారకాల జాబితాలోనూ దాని పేరుంది. బ్రష్ లాగే మనిషికి మీరు ఏం ఇస్తున్నారు? కర్చీఫా?

ఇసుక_లెక్క
మంచి ప్రశ్న. తడిగా దువ్వితే ఇసుక ముద్దకట్టి కదలదు, కాబట్టి పొడిగానే చేయాలి. అందుకే మనిషికి ఎన్‌95 మాస్కు, గాలి వీపు వైపు ఉండేలా నడక. పిల్లలు కోర్టు చుట్టూ తిరుగుతున్నప్పుడు పని పెట్టుకోకూడదు. కడిగి జల్లించిన గుండ్రటి గింజ ఇసుకలో పొడి తక్కువ, నింపేటప్పుడే అది అడిగి తెప్పించాలి. ఇక బ్లోయర్‌ను నేల వైపు పెట్టి దుమ్ము రేపేవాళ్లుంటారు, దాన్ని ఆకులు తోయడానికి తప్ప వాడనివ్వకండి.

ఇంకోటి, ఫుట్‌బాల్ కోర్టును గొట్టంతో కడిగితే రబ్బరు గుళికలు నీళ్లతో పాటు కాలువలో పడతాయి. యూరోపియన్ యూనియన్ 2023లో మైక్రోప్లాస్టిక్‌లపై తెచ్చిన నిబంధనతో ఇలాంటి గుళికల అమ్మకం 2031 నుంచి అక్కడ ఆగిపోతుంది, కారణం ఇలా చెల్లాచెదురు కావడమే. కాలువ నోట్లో జాలీ పెట్టండి, గేటు దగ్గర బూట్లు దులుపుకునే గట్టి చాప వేయండి. దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదనుకుంటా.

గోలీ
సరే, కోర్టంతా బ్లీచ్ వద్దు, ఒప్పుకున్నా. గోల్ ముందు చోటును మాత్రం టర్ఫ్‌కు పనికొచ్చే క్రిమిసంహారకంతో అప్పుడప్పుడు తుడవాలన్న మాట మీద నేను దిగను.

తువ్వాలు_నాదే
తుడవండి, కాదనను. దాంతోపాటు కోర్టు పక్కనే కుళాయి, సబ్బు, కట్టు సామాను కూడా పెట్టించండి.

రాత్రి_స్లాట్
కుర్రాడిని అడిగాను. ఆట అయ్యేదాకా అలాగే ఆడి, బెంచీ మీద ఎవరిదో తువ్వాలు తీసి తుడుచుకున్నాడట. మా వాళ్లకు ఇది చెప్పగానే బ్లీచింగ్ వర్గం గొంతు కాస్త తగ్గింది. మీటింగులో వారంవారం బ్రష్, మరకలకు మాత్రమే మందు, మాస్కులు, కుళాయి ప్రతిపాదిస్తాను. ప్రెజర్ వాషర్‌కు ఆర్డర్ ఇచ్చేశాడు మా కోశాధికారి, అది పార్కింగ్ కడగడానికి వాడుకుంటాం. చూయింగ్ గమ్‌కు ఏం చేయాలో కూడా చెప్పండి, పెట్రోలుతో తీద్దామని ఒకాయన అంటున్నాడు.

ఇసుక_లెక్క
పెట్రోలు, థిన్నర్ వద్దే వద్దు. పోచలూ పాడవుతాయి, జిగురూ ఊడుతుంది, నిప్పు ప్రమాదం సరేసరి. మంచు ముక్క పెట్టి గమ్ గట్టిపడ్డాక మొండి అంచుతో గీకితే పెళ్లలా లేచి వస్తుంది. పనిలో పనిగా గోల్ ముందు రబ్బరు ఎంత లోతుందో పుల్ల గుచ్చి కొలవండి, కోర్టు మధ్యలో కూడా ఒకచోట కొలవండి. రెండింటికీ తేడా ఉంటే ఆ కుర్రాడు జారింది ఎందుకో అక్కడే తెలియొచ్చు.