వేరే దేశానికి చెందిన గేమ్ కోడ్ కొన్నాను, డబ్బు తిరిగి వస్తుందా?

బైరాగిపట్టెడ, తిరుపతి:
అందరికీ నమస్కారం. ఇంటర్ పరీక్షలయ్యాక కొనిపెడతానని మా తమ్ముడికి మాట ఇచ్చిన గేమ్, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోని ధర కంటే ఆరువందలు తక్కువకు వస్తోందని, కోడ్‌లు అమ్మే ఒక సైటులో యూపీఐ ద్వారా 1,899 రూపాయలకు కొన్నాను. వాడు స్టీమ్‌లో ఒక్కో అక్షరమే చూసుకుంటూ కోడ్ కొడితే, ఇది మీ దేశంలో లభించదని తెరపై వచ్చింది. మళ్లీ వెళ్లి వెతికితే, ధర కింద ‘మరిన్ని వివరాలు’ నొక్కితేనే కనబడే చోట, లాటిన్ అమెరికాకు మాత్రమే అని ఉంది. కోడ్ చూపించాక డబ్బు వాపసు ఇవ్వబోమని వారంటున్నారు. వేరే దేశంలో ఉన్నట్టు చూపే వీపీఎన్ పెట్టి చూడమని స్నేహితుడు చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

తిరుచానూరు రోడ్డు:
దయచేసి వీపీఎన్ జోలికి వెళ్లకండి. దేశాన్ని మరుగుపరచడం స్టీమ్ నిబంధనలకు విరుద్ధం, ఈ ఒక్క గేమ్ కోసం ఖాతాకే ముప్పు తెచ్చుకోవద్దు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇచ్చే స్టీమ్ పద్ధతి బయట కొన్న కోడ్‌లకు వర్తించదు కనుక, మీరు అడగవలసింది అమ్మినవారినే. దేశం కుదరక తిరస్కరించిన కోడ్ సాధారణంగా వాడినట్టు కాదు, ఆ మాట వారికి గట్టిగా రాయండి.

చిత్తూరు:
పై మిత్రులు చెప్పినదానికి చట్టం సంగతి కలుపుతాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకూ, విదేశాల నుంచి మన వినియోగదారులకు క్రమం తప్పక అమ్మే సంస్థలకూ వర్తిస్తాయి. కొనేవారు ఆలోచించి నిర్ణయించుకోవడానికి కావలసిన వివరాలు ముందే ఇవ్వాలన్నది వాటి సారాంశం, కోడ్ ఏ దేశంలో పనిచేస్తుందన్నదానికి మించిన వివరం ఏముంటుంది? అమ్మిన సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా ఉండదు. అన్నిటికంటే ముందు, ఆ పేజీని ‘మరిన్ని వివరాలు’ నొక్కకముందు ఒకటి, నొక్కాక ఒకటి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు వారు పేజీ మార్చేస్తే మీ దగ్గర ఆధారం మిగలదు.

బైరాగిపట్టెడ, తిరుపతి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. స్క్రీన్‌షాట్‌లు రెండూ తీశాను, కోడ్ తిరస్కరించిన తెరను తమ్ముడు అప్పుడే ఫోన్‌తో ఫోటో తీసి ఉంచాడట. మూడూ జతచేసి ఫిర్యాదుల అధికారికి ఈ రాత్రే రాస్తున్నాను, జవాబు రాగానే ఇక్కడ తెలియజేస్తాను.