పాత నటులను మెచ్చుకుంటున్నది కళ్ళతోనా, భక్తితోనా?

నేలటిక్కెట్టు:
ఈ వేదికలో పాత సినిమాల మాట వస్తే చాలు, అందరూ చెప్పులు బయట విడిచి లోపలికి వస్తారు. అందుకే సూటిగా అడుగుతున్నాను. 1930లు, 40లలో తెలుగు తెర మీద కనిపించినవారిలో ఎక్కువమంది చేసింది సినిమా నటన కాదు, కెమెరా ముందు నాటకం. రాజు సభలోకి రాగానే ఛాతీ ముందుకు వస్తుంది, కుడిచెయ్యి పైకి లేస్తుంది. పక్కనే నిలబడ్డ మంత్రితో చెప్పాల్సిన మాట పొరుగూరికి వినిపిస్తుంది. ఏడుపొస్తే నుదుటి మీద ముంజేయి. కోపమొస్తే గుడ్లురమడం. బొమ్మ మాట్లాడటమే వింత గనుక మా తాతల తరం నోరు తెరుచుకుని చూసింది. మనం ఎందుకు మెచ్చుకుంటున్నాం? నిజంగా బాగున్నందుకా, లేక 'ఆ రోజుల్లో' అనగానే మన బుద్ధి సెలవు పెడుతుందా?

చిత్తూరు నాగయ్యను మినహాయిస్తున్నాను. 'యోగి వేమన' (1947)లో ఆయన మాటకూ మాటకూ మధ్య ఆగే తీరు ఈనాటికీ పాతబడలేదు. మిగతావారిని వెనకేసుకొచ్చేవారు ఒక సన్నివేశం చూపించి మాట్లాడండి. 'మహానటుడు', 'న భూతో' లాంటి మాటలున్న వ్యాఖ్యలు చదవను.

మాయాశశిరేఖ:
సన్నివేశమే కావాలంటే 'మాయాబజార్' (1957) తీసుకోండి. అందులో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి చూడండి. సావిత్రి అక్కడ పోషించింది శశిరేఖను కాదు. శశిరేఖలా నటించబోయి మధ్యమధ్య మరచిపోతున్న ఒక రాక్షసుణ్ణి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఎస్వీ రంగారావు చేసిన రాక్షసుణ్ణి. పెళ్ళి పాటలో ఒక క్షణం తల వంచుకుని సిగ్గుపడుతుంది, మరుక్షణం భుజాలు విరుచుకుంటాయి, అడుగు బారెడు పడుతుంది, నవ్వు గొంతులోంచి కాక కడుపులోంచి వస్తుంది. మళ్ళీ గుర్తొస్తుంది, కొంగు సర్దుకుంటుంది. పీటల మీద లక్ష్మణకుమారుడిగా రేలంగి పడే అవస్థ చూసి మనం నవ్వుతాం గానీ, ఆ నవ్వుకు మూలం ఎదుటి మనిషి. ముఖం పెళ్ళికూతురిది, చూపు హిడింబి కొడుకుది.

రంగారావు నడకనూ, మెడ తిప్పే పద్ధతినీ, నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దాన్నీ ఆమె ఎంత దగ్గరగా గమనించి ఉండాలో ఆలోచించండి. ఇది భక్తితో చెబుతున్న మాట కాదు. ఆ పాటను శబ్దం తీసేసి ఒకసారి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నేలటిక్కెట్టు:
చూశాను, శబ్దం తీసేసే చూశాను. బాగుంది, కాదనను. కానీ నేను అడిగింది 1930లు, 40ల గురించి. మీరు పట్టుకొచ్చింది 1957. అప్పటికి మన టాకీకి, అంటే మాటల సినిమాకు, పాతికేళ్ళు. పైగా కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లీ కెమెరా, పింగళి మాట. అంతమంది చేతులు పడ్డచోట కొయ్యబొమ్మ కూడా నటిస్తుంది.

ఇంటర్వెల్:
కొయ్యబొమ్మ నటించదు సార్. అదే దర్శకుడు, అదే కెమెరా, అదే సినిమాలో కొందరిని చూశాం. పేర్లు చెబితే తన్నుకుంటారు.

శబ్దగ్రాహి:
నేను కొంతకాలం రికార్డింగు పనిలో ఉన్నవాణ్ణి. 'పొరుగూరికి వినిపించేలా' అని నేలటిక్కెట్టు గారు వెక్కిరించిన దానికి కారణం ఉంది. కారణం ఉంటే బాగున్నట్టేనా అన్నది తరవాత మాట్లాడుకుందాం, ముందు కారణం వినండి.

తొలి టాకీల్లో మాట, పాట, వాద్యాలు అన్నీ చిత్రీకరణ జరుగుతుండగానే అక్కడికక్కడే నమోదయ్యేవి. నేపథ్యగానం స్థిరపడేదాకా నటుడే పాడుతూ నటించాలి. హార్మోనియం, తబలా వాయించేవాళ్ళు కెమెరా కంట పడకుండా పక్కనే నక్కి కూర్చునేవారు. మైకు సెట్టులో ఎక్కడో దాచి ఉంటుంది, నటుడు దాన్ని వదిలి దూరం పోకూడదు. కెమెరా చప్పుడు మైకులో పడకూడదు, అందుకని దాన్ని మూసిపెట్టి కదలనివ్వకుండా ఉంచేవారు. ఇలా కాళ్ళు కట్టేసినప్పుడు నటుడి దగ్గర మిగిలేది చేతులూ, గొంతూ, కళ్ళూ. వాటినే రెట్టింపు వాడాడు.

ఇక వినేవాడి సంగతి. గుడారం టాకీసులో పక్కనే జనరేటరు మోత, ముందు పిల్లల ఏడుపులు, స్పీకరు గొంతు అంతంతమాత్రం. ఆ గోలలో నాగయ్యగారి నిట్టూర్పు ఎంతమందికి వినిపించి ఉంటుందో గానీ, కన్నాంబ మాట మాత్రం చివరి వరుస దాకా అక్షరం పొల్లుపోకుండా అందేది. ఆమె నాటకాల్లోంచి వచ్చిన మనిషి. ఒత్తు అక్షరం ఎక్కడ విరవాలో, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలిసినది. 'పల్నాటి యుద్ధం' (1947)లో నాగమ్మగా ఆమె మాట విసిరితే, ఎదుటివారు నోరెత్తకముందే వాదం ముగిసిపోయినట్టు ఉంటుంది. దాన్ని అతి అంటారా, సరే. నేనైతే పనిముట్టును బట్టి పని అంటాను.

ఇంకో మాట. మీలో చాలామంది పాత సినిమాలు చూస్తున్న తీరే తప్పు. దాదాపు చతురస్రంలా ఉండే బొమ్మను ఇప్పటి టీవీకి తగ్గట్టు అడ్డంగా సాగదీస్తారు. ముఖాలు బూరెల్లా, చేతులు పొట్టిగా కనిపిస్తాయి. మాటల్లేని మూకీ సినిమాల పరిస్థితి ఇంకా ఘోరం. చేత్తో తిప్పిన కెమెరాలు సెకనుకు చాలావరకు 16, 18 ఫ్రేములే తీసేవి, వాటిని 24తో వేస్తే జనం గెంతుతూ నడుస్తారు. ఆ గెంతు ఆ నటులది కాదు, మన యంత్రానిది. అది చూసి 'పాతవాళ్ళు ఇలా గంతులేసేవారు' అని నవ్వుకునేవాళ్ళను చాలామందిని చూశాను.

మూడోగంట:
శబ్దగ్రాహి గారూ, మైకు సంగతి ఒప్పుకుంటాను. కానీ నెపమంతా యంత్రం మీదికి నెట్టకండి. ఆ రోజుల్లోనే 'ఇది అతి' అన్న పెద్దమనిషి ఉన్నాడు. పైగా ఆయన సినిమా మనిషి కూడా కాదు, నాటకాల మనిషి. బళ్ళారి రాఘవ.

వృత్తికి వకీలు. పద్యాన్ని రాగం తీసి తీసి సాగదీసి, ప్రేక్షకుడు 'వన్స్ మోర్' అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడే కాలంలో, మాటలో భావం పలకాలి గానీ సంగీత కచేరీ కాదన్నవాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినవాడు. అంటే 'మనం ఇప్పటి కళ్ళతో చూసి తప్పు పడుతున్నాం' అన్న వాదం నిలవదు. ఆనాటి కళ్ళకే అది తప్పుగా కనిపించింది.

మరి ఆయన సినిమాకు వస్తే ఏమైంది? 1936లో ఒకే కథతో రెండు సినిమాలు పోటీ పడ్డాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సీఎస్సార్ (చిలకలపూడి సీతారామాంజనేయులు) కృష్ణుడు. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో రాఘవ దుర్యోధనుడు. జనం మొదటిదాన్నే గెలిపించారు. 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) చేశాక రాఘవ తెర జీవితం ముగిసింది. సహజంగా నటించాలన్నవాడికి సినిమాయే సరైన చోటు అనుకుంటాం. ఆ చోటే ఆయనకు దక్కలేదు. ఈ ముడి నాకు విడటం లేదు, ఎవరైనా విప్పితే వింటాను.

నేలటిక్కెట్టు:
ముడి ఏమీ లేదు. జనానికి అతి కావాలి, అతి చేసినవాడికి చప్పట్లు పడ్డాయి. నా వాదానికి మీరే సాక్ష్యం తెచ్చిపెట్టారు, ధన్యవాదాలు. జనం చప్పట్లను మనం ఇవాళ గొప్పతనానికి కొలతగా వాడుకుంటున్నాం, అదే నా బాధ. ఎన్టీఆర్ కృష్ణుడికి హారతులు పట్టిన చేతులు నటనను ఏం తూచగలవు?

మాయాశశిరేఖ:
జనాన్ని అంత గొర్రెల మందలా తీసిపారేయకండి. రామారావుగారు 'మాయాబజార్' కన్నా ముందే ఒక సినిమాలో కాసేపు కృష్ణుడిగా కనిపించారు. జనం ఒప్పలేదు. ఆ అనుభవంతోనే మళ్ళీ ఆ వేషం వేయడానికి ఆయన మొదట జంకారు. కిరీటం దగ్గర్నుంచి మేకప్ దాకా ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాక గానీ జనం చేతులు జోడించలేదు. అదే మనిషి, అదే దేవుడు, అదే ప్రేక్షకుడు. ఒకసారి వద్దన్నారు, తరవాత అవునన్నారు. భక్తే అయితే మొదటిసారే హారతి పట్టేవారు కదా?

ఇంటర్వెల్:
ఈ ఒక్క వ్యాఖ్యకు ఈల.

శబ్దగ్రాహి:
మూడోగంట గారి ముడి దగ్గరికి వస్తాను. సహజం అనేది ఒకటే ఉంటుందనుకోవడం దగ్గరే చిక్కంతా. 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడు ఇంట్లో కూర్చుని కాఫీ తాగేవాడిలా మాట్లాడితే ఆ కథ కూలిపోతుంది. రంగారావు అక్కడ గడ్డం నిమిరినా, కన్ను చికిలించినా, మాటను నాలుక చివర నాన్చి వదిలినా అంతా కొలత పెంచి చేశాడు. నాలుగేళ్ళకు 'బంగారు పాప'లో అదే మనిషి, ఒక పసిపిల్ల చేతికి చిక్కి కరిగిపోయే మొరటువాడు. గొంతు సగానికి సగం తగ్గిపోయింది. అంత పెద్ద శరీరాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియనివాడిలా ఉంటాడు ఆ పిల్ల ముందు. చిన్నగా చేయడం చేతకాక పెద్దగా చేసినవాడైతే ఇది ఎలా సాధ్యం? 'నర్తనశాల' (1963) కీచకుడికి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చినవాళ్ళకు మన హారతులతో పని లేదు, తెలుగు కూడా రాదు.

నేలటిక్కెట్టు:
మళ్ళీ 1951, 55, 63! నేను ఉత్తరం దిక్కు చూపిస్తే మీరంతా దక్షిణానికి నడుస్తున్నారు. 30లలోంచి ఒక్క మనిషిని చూపించండి. నాగయ్య వద్దు, ముందే ఇచ్చేశాను.

మూడోగంట:
డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు. పేరుకు ముందు డాక్టర్ బిరుదు కాదు, నిజంగానే వైద్యుడు.

'మాలపిల్ల' (1938) చూడండి. గూడవల్లి రామబ్రహ్మం తీసింది, చలం కథ. గుడి తలుపులు హరిజనులకు మూసిన సుందరరామశాస్త్రి వేషం ఆయనది. ఆ కాలపు పద్ధతిలో అయితే శాస్త్రి గుడ్లురిమి శాపనార్థాలు పెట్టాలి. సుబ్బారావు అలా చేయడు. తాను చేస్తున్నది ధర్మమని మనసారా నమ్మిన మనిషిలా, కొంచెం అలసటతో, కొంచెం చిరాకుతో మాట్లాడతాడు. అందుకే ఆ పాత్ర మీద కోపం రావడానికి మనకు కాస్త సమయం పడుతుంది, వచ్చాక గట్టిగా వస్తుంది. చెడ్డవాణ్ణి చెడ్డవాడిలా చూపించడం ఎవరైనా చేస్తారు.

1938 అంటే మైకు ఎలాంటిదో శబ్దగ్రాహి గారు చెప్పారు కదా. అదే మైకు, అదే గుడారం. అయినా ఆయన అరవలేదు. కాబట్టి యంత్రం మీద నెపం వేసే వాదానికీ ఇది దెబ్బే, 'అందరూ అతే' అన్న మీ వాదానికీ దెబ్బే. ఆయనే తరవాత 'కన్యాశుల్కం' (1955)లో లుబ్ధావధానులు. ఎదురుగా రామప్పంతులుగా సీఎస్సార్. ఈ ఇద్దరూ ఒకరి మాట ఇంకొకరు అందుకునే తీరు చూస్తే, నాటకానుభవం నటుణ్ణి చెడగొడుతుందని అనడానికి నోరు రాదు. పౌరాణికాల్లో పద్యం పాడి పేరు తెచ్చుకున్న అదే సీఎస్సార్ 'మాయాబజార్' శకునిగా పద్యానికి బదులు చిరునవ్వును ఆయుధం చేసుకున్నాడు.

గోడపోస్టరు:
ఆలస్యంగా వచ్చాను, ఒక్క మాట. మీరందరూ ఉన్న సినిమాల గురించి కొట్టుకుంటున్నారు. లేనివాటి సంగతో? రఘుపతి ప్రకాష్ 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) లేదు. మన తొలి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి కూడా లేదు. సురభి నాటక సమాజంవాళ్ళు బొంబాయి వెళ్ళి ఆడి పాడిన సినిమా అది. లీలావతిగా సురభి కమలాబాయి ఎలా చేసిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? అప్పటివన్నీ అతి అని నేలటిక్కెట్టు గారు తీర్పు చెప్పడమూ, అప్పటివన్నీ గొప్ప అని మిగతావాళ్ళు దండం పెట్టడమూ రెండూ గాలిలో మేడలే. నిలిచిన నాలుగు రీళ్ళను బట్టి యుగం మీద తీర్పులా?

నేలటిక్కెట్టు:
గోడపోస్టరు గారూ, పోయినవి చూపించి ఉన్నవాటికి విలువ కట్టొద్దంటే ఇక విమర్శే ఉండదు. ఉన్నవి చూసే మాట్లాడతాం.

మూడోగంట గారూ, 'మాలపిల్ల' నిన్న రాత్రి చూశాను. సాగదీయకుండా, అసలు కొలతలోనే. సుబ్బారావు విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నా మినహాయింపుల జాబితాలో నాగయ్య పక్కన ఇంకో పేరు చేరింది. అంతే, రెండే పేర్లు. పురాణాల రాజులంతా నా దృష్టిలో ఇంకా చెయ్యెత్తుకునే ఉన్నారు.

మాయాశశిరేఖ:
రెండు కాదు, మూడు రాసుకోండి. 'వరవిక్రయం' (1939)తో తెర మీదికి వచ్చిన భానుమతిని వదిలేశారు. కనురెప్ప ఎత్తడానికి కూడా తొందరపడని మనిషి.

మూడోగంట:
నేలటిక్కెట్టు గారు రాజుల చేతులు దించేదాకా ఊరుకోరు గనుక అడుగుతున్నాను. యడవల్లి దుర్యోధనుడు మేలా, రాఘవ దుర్యోధనుడు మేలా?

ఇంటర్వెల్:
దానికి వేరే చర్చ తెరవండి సార్. ఇక్కడే మొదలుపెడితే మోడరేటర్ రెండు సినిమాలకూ కలిపి తాళం వేస్తాడు.