టైమర్ పెట్టగానే నా లాజిక్ ఎక్కడికి పోతోంది?

అర్ధరాత్రి_చదువు:
పరీక్షకి ప్రాక్టీస్ చేస్తున్నానండీ. టైమర్ లేకపోతే సిలాజిజమ్‌లు (రెండు వాక్యాలిచ్చి, వాటి నుంచి మూడోది తేలుతుందా అని అడిగే ప్రశ్నలు) దాదాపు అన్నీ కరెక్టే, పెట్టానంటే మాత్రం తర్వాత చూసుకుంటే నాకే సిగ్గేసే తప్పులు. నిన్నటిది ఇది: పక్షులన్నిటికీ రెక్కలుంటాయి, కాకికి రెక్కలున్నాయి, కాబట్టి కాకి పక్షి. 'సరైన వాదనే' అని టిక్ పెట్టేసి ముందుకెళ్లిపోయా. ఇది టెన్షనా, లేక నాకసలు లాజిక్కే రాదా?

కొలిమి:
కాకిని తీసేసి సీతాకోకచిలుకని పెట్టి చూడండి. రెక్కలున్నాయి, కాబట్టి పక్షి! ఇప్పుడు ఠక్కున కాదంటారు కదా, వాదన మాత్రం అదే. కాకి పక్షని ముందే తెలుసు కాబట్టి మీరు చివరి వాక్యం చూసి టిక్ పెట్టారు, అక్కడికి ఎలా వచ్చారో చూడలేదు. దీన్నే బిలీఫ్ బయాస్ అంటారు. 2005లో ఇవాన్స్, కర్టిస్-హోమ్స్ అనే పరిశోధకులు ఒక్కో ప్రశ్నకి 10 సెకన్లే ఇచ్చి చూస్తే, నమ్మకాన్ని బట్టి జవాబులు చెప్పడం పెరిగింది, లాజిక్‌ని బట్టి చెప్పడం తగ్గింది. మీ ఒక్కరి జబ్బు కాదులెండి.

చుక్కలెక్క:
టైమ్ సంగతి సరే, ధ్యాస మాటేంటి? డి నేస్ అనే సైకాలజిస్టు 2006లో జనాన్ని ఓ చుక్కల బొమ్మ గుర్తుపెట్టుకోమని, ఆ బరువు మోస్తూనే సిలాజిజమ్‌లు చేయమన్నాడు. నమ్మకం ఒకటి, లాజిక్ ఇంకొకటి చెప్పే ప్రశ్నల్లోనే వాళ్లు దెబ్బతిన్నారు, రెండూ ఒకే జవాబు చెప్పేవాటిలో పెద్దగా తేడా రాలేదు. టైమర్ వంక పదేపదే చూడటం కూడా ఆ చుక్కల్లాంటిదేనని నా అనుమానం (రుజువు అడక్కండి). నేనైతే స్క్రీన్ మూల మీద ఓ కాగితం ముక్క అంటించి టైమర్ కనపడకుండా చేసుకున్నా, కాస్త నయమే అనిపించింది.

మొండిఘటం:
తీరిగ్గా కూర్చుంటే అన్నీ వచ్చేస్తాయన్నట్టు మాట్లాడుతున్నారే! వేసన్ అనే సైకాలజిస్టు 1966లో ఇచ్చిన కార్డుల పజిల్ చేయండి. నాలుగు కార్డులు, పైకి కనిపించేవి అ, క, 4, 7. ప్రతి కార్డుకీ ఒక పక్క అక్షరం, రెండో పక్క అంకె. 'ఒక పక్క అచ్చు ఉంటే రెండో పక్క సరి సంఖ్య ఉంటుంది' అన్న నియమం నిజమో కాదో తేల్చాలంటే ఏవి తిప్పాలి? తొందరేం లేదు, అయినా మామూలుగా పదిమందిలో ఒక్కరు కూడా సరిగ్గా చెప్పరు. ఇంకోటి, బాగో, డి నేస్ 2017లో ఒకే ప్రశ్నకి ముందు హడావిడిగా, తర్వాత తీరిగ్గా జవాబు చెప్పించి చూస్తే చివరికి సరైన జవాబిచ్చిన వాళ్లలో చాలామంది హడావిడిగా ఇచ్చిన మొదటి జవాబులోనే సరిగ్గా ఉన్నారు. కాబట్టి తప్పంతా టైమర్ మీదికి తోసేయకండి.

అర్ధరాత్రి_చదువు:
టైమర్ ఆపేసి, టీవీ కూడా కట్టేసి ఐదు నిమిషాలు ఆలోచించా. అ, 4. కరెక్టేనా?

మొండిఘటం:
అ, 7. నాలుగు వెనక హల్లున్నా నియమానికి పోయేదేం లేదు. ఏడు వెనక అచ్చు ఉంటే?

అర్ధరాత్రి_చదువు:
అయ్యో.