అరవై దాటినవాళ్లకు నిమ్ము టీకా: నాలుగు వేలు పెట్టాల్సిందేనా?

బెజవాడ_శ్రీను: మా నాన్నగారికి 68. షుగర్ ఉంది, దానికి తోడు సీవోపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), ఇన్‌హేలర్ వాడతారు. మొన్న చెకప్‌లో డాక్టరు గారు న్యుమోకోకల్ టీకా, అంటే నిమ్ము తెచ్చే ఒక క్రిమికి టీకా, వేయించమన్నారు. ఇప్పుడు ఆ క్రిమిలో 13 రకాలకు పనిచేసేది, ఏడాదయ్యాక 23 రకాలది అట. మొదటి దానికే నాలుగు వేల దాకా అవుతుందన్నారు. మా బాబాయేమో "పసిపిల్లల టీకా ముసలాళ్లకెందుకురా, అంతా కంపెనీల వ్యాపారం" అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు: మీ బాబాయి మాట పూర్తిగా కొట్టిపారేయకండి శ్రీను గారూ. దీనికి అందరూ చూపించే ఆధారం క్యాపిటా అనే పరిశోధన, 13 రకాల టీకా మీద. నెదర్లాండ్స్‌లో 65 దాటిన సుమారు 84 వేల మందిపై చేశారు, 2015లో అచ్చయింది. టీకాలోని రకాల వల్ల వచ్చే నిమ్ము 45 శాతం తగ్గిందని గొప్పగా చెబుతారు. విడి అంకెలు చూడండి. టీకా వేసుకున్న 42 వేల మందిలో 49 మందికి వచ్చింది, ఉత్తుత్తి సూది (టీకా మందు లేనిది) వేసుకున్న మరో 42 వేల మందిలో 90 మందికి. నాలుగేళ్లలో తేడా 41. అంటే ఒక్క కేసు ఆపడానికి వెయ్యి మందికి పైగా వేయాలి. మన ధరతో గుణిస్తే 40 లక్షలు! ఏ క్రిమి వల్ల వచ్చినా సరే అని మొత్తం నిమ్ము కేసులు లెక్కేస్తే టీకా వాళ్లలో 747, ఉత్తుత్తి సూది వాళ్లలో 787. మరణాల్లో తేడాయే లేదు.

ఛాతీ_డాక్టర్: మాస్టారూ, అంకెలు సరైనవే. కానీ ఆ వెయ్యి మంది ఎవరు? ఎక్కువ భాగం ఓ మోస్తరు ఆరోగ్యంగా ఉన్న డచ్చి పెద్దవాళ్లు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లను అసలు చేర్చుకోలేదు. శ్రీను గారి నాన్నగారికి షుగరూ ఉంది, ఊపిరితిత్తులూ పాడయ్యాయి. జబ్బు వచ్చే అవకాశమే ఎక్కువైనప్పుడు ఒక కేసు ఆపడానికి కావలసిన సూదులు తగ్గుతాయి, మీకు చెప్పక్కర్లేదు. ఇంకో అంకె మీరు వదిలేశారు. ఇవే రకాల క్రిమి రక్తంలాంటి చోట్లకు పాకిన కేసులు ఉత్తుత్తి సూది వాళ్లలో 28, టీకా వాళ్లలో 7. ఐసీయూలో మమ్మల్ని హడలగొట్టేది అదే.

పసిపిల్లల టీకా అనడంలో కొంత నిజముంది. ఈ క్రిమికి పైన చక్కెర పదార్థంతో ఒక తొడుగు ఉంటుంది, ఆ తొడుగును బట్టే వందకు దగ్గరగా రకాలు. 23 రకాల పాత టీకాలో ఆ తొడుగు ముక్కలు మాత్రమే ఉంటాయి. రెండేళ్లలోపు పిల్లల ఒంట్లో అది సరిగా పనిచేయదు. అందుకని ఆ ముక్కలను ఒక ప్రొటీన్‌కు అతికించి 13 రకాలది లాంటివి చేశారు. దాంతో శరీరం క్రిమిని గుర్తుపెట్టుకుంటుంది. పెద్దవాళ్లకూ అదే లాభం.

డాలస్_పద్మ: ఇక్కడ అమెరికాలో 2024 అక్టోబరులో వయసు 65 నుంచి 50కి దించారు. నాకు ఫార్మసీలో 20 రకాలది ఒక్కటే వేశారు, మళ్లీ 23 అక్కర్లేదన్నారు. గుంటూరులో అమ్మకి చెబితే "నాకేం రోగం" అంటుంది!

లెక్కల_మాస్టారు: అక్కడ ఇన్సూరెన్స్ కడుతుంది పద్మ గారూ. ఇక్కడ పింఛను డబ్బు. పైగా పిల్లలకు వేస్తే ఇంట్లో పెద్దలకూ ఆ రకాలు తగ్గుతాయని మీ అమెరికాలోనే తేలింది. మన దేశంలో పిల్లలకు ఈ టీకా 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలై 2021లో అంతటా వచ్చింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో ఉచితం. మనవడికి వేయించండి, తాతకి సగం పని అయిపోతుంది.

ఛాతీ_డాక్టర్: సగం అన్నది మీ ఉత్సాహం మాస్టారూ. పిల్లల టీకాలో లేని రకాలు పెద్దవాళ్లను వదిలిపెట్టవు కదా.

వార్డు_సిస్టర్: మీరిద్దరూ వెయ్యి మంది, నాలుగు వేలు అని కొట్టుకుంటున్నారు. యాక్సిడెంట్‌లో ప్లీహం తీసేసినవాళ్లు, కిడ్నీ జబ్బువాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్లు మా వార్డుకి వస్తారు. వాళ్లలో చాలామందికి ఈ టీకా ఒకటుందనే తెలీదు. చెబితే డబ్బుల్లేవంటారు. పెద్దల్లో ఎవరికైనా సర్కారు ఉచితంగా ఇవ్వాలంటే ముందు వీళ్లకివ్వాలి. శ్రీను గారూ, నాన్నగారు బీడీ మానేశారా? మానకపోతే మందు ఖర్చు, సూది ఖర్చు రెండూ దండగే.

బెజవాడ_శ్రీను: మానేశానంటారు సిస్టర్. చొక్కా జేబు వేరేలా చెబుతోంది. రెండు వారాల కింద ఆయాసం పెరిగి ఐదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు మింగారు. ఇప్పుడే వేయించొచ్చా?

ఛాతీ_డాక్టర్: బీడీ తాగినా సూది దండగ కాదు సిస్టర్, పొగతాగేవాళ్లకే ఈ జబ్బు ముప్పు ఎక్కువ. కానీ మాన్పించండి. ఐదు రోజుల కోర్సు అడ్డం కాదు శ్రీను గారూ, జ్వరం లేకుండా ఆయాసం సర్దుకుంటే చాలు. ఫ్లూ టీకా అదే రోజు రెండో చేతికి వేయించొచ్చు. చెయ్యి నొప్పి, ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం మామూలే. 20 రకాలది ఇప్పుడు మన దగ్గరా వచ్చింది, ధర కనుక్కోండి. అది వేయిస్తే 23 రకాలది అక్కర్లేదు. పాత ఫైలు చూసి, గతంలో 23 రకాలది వేసి ఉంటే ఏడాది ఆగండి.

లెక్కల_మాస్టారు: శ్రీను గారి నాన్నగారి వరకు ఒప్పుకుంటా. మా వాకింగ్ బ్యాచ్‌లో 60 దాటి, బీపీ కూడా లేనివాళ్లు వాట్సాప్ ఫార్వర్డ్ చూసి టెన్షన్‌తో ఆస్పత్రికి పరిగెడుతున్నారు. వాళ్ల సంగతేంటి?

ఛాతీ_డాక్టర్: వాళ్లను నేను తొందరపెట్టను. 65 దాటి, డబ్బు ఇబ్బంది లేక, వాళ్లే అడిగితే వేస్తాను. ఈలోగా ఏటా ఫ్లూ టీకా వేయించుకోమంటాను, ఖర్చూ తక్కువ.

బెజవాడ_శ్రీను: ఫైల్లో పాత టీకా ఏదీ లేదండీ. శనివారం తీసుకెళ్తున్నా. బాబాయి కూడా వస్తానంటున్నాడు, ఆయనకి 71.